కల్లాపిలో కలిసిపోయిన బాణాలు

పలమనేరు అవతల చేలగట్ల మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తి వచ్చానంటే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు. "దేనికి?" అని. నిజమే, పోలీసు ఉద్యోగానికి పరిగెత్తే వయసు కాదు నాది, యాభై రెండు. కుక్క తరమలేదు, బస్సు తప్పిపోలేదు. అడిగినవాళ్ళకల్లా విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా కాగితాల మీద పెడుతున్నాను. నేను చదివింది అయిదో తరగతి. తప్పులు మా కోడలు మల్లిక దిద్దింది. ఆమె దిద్దింది అక్షరాలనే, సంగతులను కాదు.

పందెం

తిరుపతిలో మా పక్కిల్లు నూర్జహానుది. బట్టలు కుడుతుంది. ఇరవై ఏళ్ళుగా నా రవికలన్నీ ఆమె కుట్టినవే. టేపు పట్టకుండా, గుమ్మంలో నన్ను చూసి, లావయ్యానో తగ్గానో చెప్పేస్తుంది. మా ఇద్దరికీ ఒకే ఏడాది షుగరు వచ్చింది. డాక్టరు నన్ను నడవమన్నాడు, నడిచాను. ఆమెనూ నడవమన్నాడు, ఆమె మిషను తొక్కింది.

"కాళ్ళు ఆడతానే ఉండాయి కదక్కా. ఇది నడక కాదా?" అంటుంది.

మొన్న వానల్లో ఆమె కాలివేలి మీద చిన్న పుండు లేచి రెండు నెలలు మానలేదు. చివరికి మానింది గానీ, డాక్టరు ఈసారి ఆమెను వదిలేసి తోడుపోయిన నన్ను తిట్టాడు. ఈమె నడవకపోతే ఇంకోసారి వేలు మిగలదన్నాడు. ఆ రోజు నుంచి తెల్లవారి అయిదింటికి నేను ఆమె తలుపు కొట్టడం, లోపలి నుంచి ఆమె నన్ను ఉర్దూలో తిట్టడం, నేను కోడలితో వెళ్ళిపోవడం. ఇదే వరస.

మల్లిక శ్రీసిటీలో ఫ్యాక్టరీ పనికి పోతుంది. మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున నాతో వచ్చేది. నడక పరుగైంది ఆమెవల్లే. "ఆ కరెంటు స్తంభం దాకా అత్తా, ఆ తరవాత నడుద్దాం" అని స్తంభం వెంట స్తంభం నన్ను పది కిలోమీటర్ల దాకా లాగింది. ఆమే ఫోన్‌లో ఈ పరుగుకు ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. మూడున్నర గంటల్లో ముగించిన ప్రతి ఒక్కరికీ మెడల్ ఇస్తారట.

ఆ మాట వినగానే నూర్జహాను మిషను ఆపింది.

"పందెం రమణక్కా. ఆ మెడల్ తెచ్చి ఈ మిషను మీద పెట్టు. సోమవారం నుంచి నేనూ నీ వెంట వస్తా. తేలేదనుకో, నన్ను ఇంక నిద్ర లేపగూడదు. ఎప్పటికీ."

"ఒట్టేనా?"

"అల్లా మీద ఒట్టు. నువ్వు ఇరవై ఒకటి పరిగెత్తేదీ లేదు, నేను లేచేదీ లేదు."

మొగిలి ఘాటు దాటాక

శనివారం పొద్దున బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి బస్సు నిండా మేమే. టికెట్టు కొన్న మగవాళ్ళు కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. ఒక పెద్దాయన మల్లికను చూసి, "దుడ్లిచ్చి నిలబడేది మేము, ఊరికే కూర్చునేది మీరు. మంచి కాలమొచ్చినాది తల్లీ" అన్నాడు. అన్నాడే గానీ, నా సంచి తీసి తనే పైన పెట్టాడు.

చిత్తూరులో దిగి టిఫిను చేశాం. హోటల్లో సగం మాట తెలుగు, సగం అరవం. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. సాంబారు అడక్కుండానే మళ్ళీ మళ్ళీ పోస్తారు. మా తిరుపతిలో రెండోసారి అడిగితే మన మొహం చూస్తారు, యాత్రికులమో ఊరివాళ్ళమో తేల్చుకోవడానికి.

అక్కడి నుంచి పలమనేరు బస్సు. మొగిలి ఘాటు ఎక్కగానే గాలి మారిపోయింది. చల్లగా, పచ్చిమేత వాసనతో. మా ఘాటు రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా బస్సంతా గోవిందా అంటుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అంత పెద్ద మలుపు ఊరికే తిరగడం నాకు బాగుండక, నేనొక్కదాన్నే నోట్లో అనుకున్నాను.

పలమనేరు సంతలో టమాటా కిలో పన్నెండు రూపాయలు. మా వీధి బండి మీద ముప్పై. రెండు కిలోలు కొనబోతే మల్లిక చెయ్యి పట్టుకుంది. "అత్తా, మనం పరిగెత్తను వచ్చినాం. టమాటాలు ఎత్తుకోని పరిగెత్తతావా?"

సంగటి ముద్ద

ఊరి బయట కల్యాణ మండపంలో మాకు బస. మధ్యాహ్నం భోజనం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు వండారు. రాగి సంగటి, అనపగింజల పులుసు, ఊరుబిండి. వేరుశనగలు వేయించి ఎండుమిరపకాయతో రోట్లో నూరిన ఆ ఊరుబిండి కోసమైనా ఒకసారి పోవచ్చు. మా ఇంట్లో సంగటిలో బియ్యం ఎక్కువ, రాగిపిండి తక్కువ, చూడటానికి ముద్ద తెల్లబడుతుంది. అక్కడ ముద్ద నల్లరాయిలా ఉంటుంది, చేత్తో నొక్కితే మాత్రం వెన్న. వడ్డించే ఆమె నా ఆకులో రెండో ముద్ద వేసింది. వద్దంటే వినలేదు.

"రేపు పరిగెత్తల్ల కదమ్మా. ఒక ముద్దతో యాడికి పోతావు, గేటు దాకానా?"

మా వరసలో కూర్చున్నాయన పేరు దొరస్వామి. చిత్తూరులో పాలవ్యాను నడుపుతాడట. మంచి ఒడ్డూ పొడుగూ, ముందుకొచ్చిన పొట్ట.

"కూర్చోని కూర్చోని ఇది పెరిగినాదక్కా" అని పొట్ట మీద తట్టుకున్నాడు. "పోయిన తూరి గూడా వచ్చినా. చివర్నుంచి లెక్కేస్తే మొదటోణ్ణి నేనే, సూడు."

"ఈసారి ఆ మొదటిది నాకు వదిలిపెట్టు నాయనా" అన్నాను.

చొక్కాకు తగిలించుకునే నెంబరు కాగితం, నాలుగు పిన్నీసులు ఇచ్చారు. దొరస్వామి వాటిలో రెండు పోగొట్టుకున్నాడు. నా గాజులకు ఎప్పుడూ నాలుగైదు వేలాడుతుంటాయి, తీసి ఇచ్చాను. ఇరవై ఏళ్ళ పిల్లలు బూట్లకే వేలకు వేలు పోశారు, వాళ్ళల్లోనూ ముగ్గురికి పిన్నీసులు నా గాజుల నుంచే పోయాయి.

ఆదివారం ఆరింటికి

మంచులో నిలబెట్టి ఈల ఊదారు. మల్లిక నా చెయ్యి ఒకసారి నొక్కి, లేడిపిల్లలా పోయింది. దారి తప్పకుండా ముందురోజు సాయంత్రమే దోవంతా తెల్లపిండితో బాణం గుర్తులు గీశారు. వాటిని చూసుకుంటూ పోవడమే.

నాలుగు కిలోమీటర్ల దాకా మట్టిబాట. ఒకపక్క మల్బరీ తోటలు, ఒకపక్క చెరకు. ఏనుగులు అడివి దిగి వస్తాయని చేను మధ్య మంచె కట్టుకుని ఒకాయన కాపలా ఉన్నాడు. గుంపుగా మేం పరిగెత్తి రావడం చూసి దబ్బున లేచి వాయించడానికి డబ్బా అందుకున్నాడు.

"యాడ? ఎన్ని ఉండాయి?" అని కేక.

"ఏనుగులు కాదన్నా! ఊరికే పరిగెత్తతా ఉండాం!"

"ఊరికేనా?" డబ్బా దించాడు. "ఊరికే పరిగెత్తేదానికి దుడ్లు గూడా కట్టినారా?"

"కట్టినాం."

నేను మలుపు తిరిగేదాకా నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

ఏడో కిలోమీటరులో ఒక గుట్ట. కుర్రాళ్ళు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆగిపోయారు. నేను అలిపిరి మెట్లు నెలకొకసారి ఎక్కేదాన్ని, మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా ఆగని కాళ్ళు నావి. ఒక్కో రాయినీ మెట్టు అనుకుని ఎక్కాను. పదిమందిని దాటేశాను. నా జన్మలో పరుగులో ఒకరిని దాటడం అదే మొదలు. దిగేటప్పుడు ఆ పదిమందీ నన్ను దాటేశారనుకోండి, అది వేరే సంగతి.

గుట్ట దిగగానే ఒక ముసలమ్మ గుడిసె ముందు గ్లాసు చాచి నిలబడింది. రాగి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు. గ్లాసు చాచిన చెయ్యిని దాటి పోవడం మనకు చేతకాదు. తాగి, గ్లాసు కడగడానికి నీళ్ళ కోసం చూస్తుంటే ఆమె, "పో పో, అందురూ పోతా ఉండారు" అని నన్ను తరిమింది.

మల్లిక పాత గడియారం నా చేతికుంది. పదకొండో కిలోమీటరు దగ్గర ఏడూ నలభై. ఇలాగే పోతే తొమ్మిదిన్నరకు ముందే చేరతాను. నూర్జహాను మిషను మీద మెడల్ పెట్టినట్టూ, ఆమె బూట్ల కోసం తిట్టుకుంటూ వెతికినట్టూ నాకు కళ్ళ ముందు కనబడింది.

రాళ్ళపల్లె వీధి

పదకొండు దాటగానే రాళ్ళపల్లె. ఊళ్ళోకి బాణం ఉంది. ఊళ్ళో లేదు. వీధి రెండుగా చీలింది, ఏ చీలిక మీదా తెల్లగీత లేదు. నా ముందు పోయిన ఇద్దరు పిల్లలు కుడిచేతికి తిరిగారు కదా అని నేనూ తిరిగాను. పోయి పోయి చెరువు దగ్గర ఆగింది దారి. వాళ్ళిద్దరూ, దొరస్వామీ, ఇంకో నలుగురూ అక్కడే నిలబడి ఫోన్లు పైకెత్తి సిగ్నలు వెతుకుతున్నారు.

వెనక్కి వచ్చాను. పది నిమిషాలు పోయాయి. వీధి మొదట్లో నిలబడి కింద చూశాను. ఇంటింటి ముందూ కల్లాపి. చలికి ఇంకా ఆరలేదు, పచ్చగా ఉంది. దాని మీద చుక్కల ముగ్గులు. ఎంత చక్కటి వీధి! అప్పుడు వెలిగింది నాకు. రోజూ పొద్దున నేను చేసే పనే కదా ఇది. ముందురోజు గీసిన గీత ఏ ఆడది ఉంచుతుంది?

మలుపు మీది ఇంట్లోంచి ఒకామె చీపురుతో బయటికి వచ్చింది. పేరు చెంగమ్మ అని తరవాత చెప్పింది.

"చెల్లీ, ఈడ తెల్లగా బాణం ఒకటి ఉండాలే?"

"బాణమా? ఎవురో వంకర గీత ఒకటి గీసి పోయినారక్కా, నా వాకిట్లో. ఊడ్చేసి కల్లాపి జల్లినా."

"అది మాకు దారి చూపించే గుర్తు తల్లీ."

ఆమె చీపురు కింద పడేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా కర్మ! ముందు మోటారు సైకిలు ఎనకాల జనం పోతే ఏందో అనుకుంటి. ఆ ఎనక వచ్చినోళ్ళంతా చెరువుకాడికి పోతా ఉంటే, అక్కా, కాళ్ళు కడుక్కునేదానికేమో అనుకుంటి!"

ఎడమచేతికి పోయి, నీళ్ళ ట్యాంకు దగ్గర తిరిగి, పట్టుపురుగుల షెడ్డు పక్కగా ఊరు దాటాలని చెప్పింది. దారి తెలిసింది. నేను పోవచ్చు. నాలుగు అడుగులు పోయాను కూడా. వెనక దోవ మీద ఇంకా పదిమంది దాకా వస్తున్నారు. చెరువు దగ్గర వాళ్ళు సరే సరి. గడియారం చూశాను, ఏడూ యాభై రెండు.

వెనక్కి తిరిగాను. "ముగ్గుపిండి తే చెల్లీ."

మూడు బాణాలు గీయడానికి ఎంతసేపు? రెండు నిమిషాలు అనుకున్నాను. నేను బాణం గీసి లేవబోతే చెంగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండక్కా. వాకిట్లో ఒట్టి గీత ఉండగూడదు. కీడు."

"బాణమే కదా!"

"బాణమైతే ఏమి? ఒక పువ్వన్నా వెయ్యి."

ఆమెది అన్యాయం అనలేకపోయాను. ఇంటి ముందు ఒట్టి గీత నేనూ పెట్టను. రెండు పక్కలా రెండు పువ్వులు వేశాం. ట్యాంకు దగ్గర ఇల్లుగల ఆమె గిన్నె పట్టుకుని వచ్చి, చెంగమ్మ బాణానికి రెండు పువ్వులుంటే తన బాణానికి తీగ ఉండాలంది. షెడ్డు దగ్గర ముసలామె ఎర్రమట్టితో అంచు దిద్దింది. నా గడియారం ఒకపక్క పరిగెడుతోంది, నేను మోకాళ్ళ మీద కూర్చుని తామరపువ్వు రేకలు పూర్తి చేస్తున్నాను. సగంలో వదిలేస్తే అది ఇంకా కీడు కదా.

చెరువు నుంచి తిరిగొచ్చిన దొరస్వామి నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఏందక్కా ఇది? పందెంలో ముగ్గులు గూడా ఉండాయా?"

"నోరు మూసుకోని ఆ బాణం పట్టుకోని పో సామీ!"

పోయాడు. ఆ పొట్టతో అంత వేగంగా పోతాడని నేను అనుకోలేదు. నేను లేచేసరికి ఎనిమిదీ ఆరు. చెంగమ్మ నా నడుముకు పిడికెడు వేయించిన వేరుశనగల మూట కట్టి, "తొక్కద్దని చెప్పక్కా మీవోళ్ళకు, బాణాన్ని!" అని వెనకనుంచి అరిచింది.

నాలుగు నిమిషాలు

మిగిలిన పది కిలోమీటర్లలో నాకు గుర్తున్నది నా బూట్ల చప్పుడే. మామిడితోటలు వచ్చాయి, పోయాయి. నడవాలనిపించినప్పుడల్లా నూర్జహాను కాలివేలు తలుచుకున్నాను. పరిగెత్తాను.

చివరి గీత దాటేసరికి మల్లిక ఏడుస్తూ ఎదురొచ్చింది, మెడలో మెడల్‌తో. నా గడియారంలో తొమ్మిదీ నలభై నాలుగు.

టైము రాసే ఆయన లేచి నిలబడ్డాడు. "ఊళ్ళో గుర్తులు చెరిగిపోయినాయని పది నిమిషాలు కలిపినాం తల్లీ. తొమ్మిదీ నలభై దాకా వచ్చినోళ్ళందరికీ ఇచ్చినాం."

"ఆ గుర్తులు మళ్ళా గీసిందే ఈయమ్మ!" అని పక్కనుంచి దొరస్వామి అరిచాడు. అతను తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి చేరాడు, మెడలో మెడల్ ఊగుతోంది. "ఆ పువ్వులు సూసుకోనే కదా మేమంతా వచ్చినాము!"

టైము ఆయన తల గోక్కున్నాడు. "మీ ఎనక ఇంకా ఏడుగురు ఉండారమ్మా. మీకిచ్చి వాళ్ళకు లేదంటే ఎట్ట?"

న్యాయమే. నేను ఇంకేం అడుగుతాను? అరటిపండు ఇచ్చారు. షుగరని సగం తిన్నాను.

తిరుగు బస్సు

ఘాటు దిగాక మల్లిక తన మెడల్ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"అందరివీ ఒకటే రకం అత్తా. పేరుండదు, టైముండదు. తీసుకుపోయి ఆమె మిషను మీద పెట్టు."

"అది నీది."

"నాదే. ఆమె వేలు నిలబడితే చాలదా నీకు? అబద్ధం గూడా ఆడే పన్లేదు. ఊరికే పెట్టు."

మెడల్ సంచిలో వేసుకున్నాను. చిత్తూరు దాటింది, తిరుపతి వచ్చింది. పెట్టాలా వద్దా అన్నది మాత్రం సంచిలోనే ఉంది.

నూర్జహాను గడప మీదే కూర్చుని ఉంది. లోపల మిషను మీద ఎప్పుడూ గుట్టగా పడుండే గుడ్డలు లేవు. తుడిచి, నడిమధ్యలో చోటు చేసి పెట్టింది. ఓడిపోవడానికి అంత సిద్ధంగా కూర్చున్న మనిషిని నేను చూడలేదు. సంచిలో నా వేళ్ళకు మెడల్ చల్లగా తగిలింది.

"ఎంతసేపు పట్టినాదక్కా?"

టేపు లేకుండా నా కొలతలు చెప్పే మనిషి. ఆమె కళ్ళలోకి చూసి ఏం దాచగలను?

"మూడు గంటలా నలభై నాలుగు."

"అంటే?"

"అంటే లేదు. నా సంచిలో ఉండేది మల్లికది."

జరిగిందంతా చెప్పాను. బాణానికి పువ్వు వెయ్యమన్న దగ్గర ఆమె నవ్వడం మొదలుపెట్టి, తామర రేకల దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుంది. "టైము పోతా ఉంటే పువ్వులేసినావా? యా అల్లా! నువ్వే వేసింటావు, ఇంకెవురు వేస్తారు!" నవ్వు ఆగాక లేచి, మిషను మీద ఖాళీ చోటును కాసేపు చూసింది. పక్కనున్న గుడ్డలు తెచ్చి మళ్ళీ అక్కడే పడేసింది.

"పందెం పందెమే అక్కా. నన్ను లేపగూడదు."

"లేపను" అన్నాను.

సోమవారం

అయిదింటికి లేచాను. కాళ్ళు రెండూ రోకలి బండలు. వాకిలి ఊడ్చి, కల్లాపి జల్లి, ముగ్గు వేశాను. మల్లిక ఒళ్ళు నొప్పులతో లేవలేదు. పిండి చేతిలో కొంచెం మిగిలింది. ముగ్గు కొసన, రోడ్డు వైపుకు, ఒక బాణం గీశాను. ఒట్టి బాణం బాగుండదని రెండు పువ్వులు వేశాను. చెయ్యి కడుక్కుని, బూట్లు కట్టుకుని, నూర్జహాను ఇంటి ముందుగానే పోయాను. తలుపు కొట్టలేదు. ఇచ్చిన మాట.

పది అడుగులు పోయానో లేదో వెనక గడియ తీసిన చప్పుడు.

నూర్జహాను. కొడుకు పాత కాన్వాసు బూట్లు, ఒక లేసు తెలుపు, ఒక లేసు నలుపు. తల మీద దుపట్టా బిగించి కట్టుకుంది.

"లేపగూడదన్నా. నువ్వు లేపలేదు. నేనే లేచినా. ఇందులో పందెం యాడ తప్పినాది?"

"యాడా తప్పలేదు."

ఆమె రెండడుగులు వెనక్కి పోయి మా వాకిట్లో కిందకు చూసింది. బాణాన్ని తొక్కకుండా పక్కనుంచి చుట్టి వచ్చింది.

"ఎడమపక్క పువ్వు వంకరగా ఉండాదక్కా."

పాలబూత్ దాకా పోయి వచ్చాం. ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు.